ప్రాచ్య కళాశాలలో డిగ్రీ: మిగిలిందేమిటి, మిగల్చాల్సిందేమిటి

మన రెండు రాష్ట్రాల్లో ఏటా ఇంటర్మీడియట్ రాసే పిల్లల్లో లక్షల మందికి ద్వితీయ భాష సంస్కృతం. అదే పిల్లలు డిగ్రీకి వచ్చేసరికి, సంస్కృతాన్నో ప్రాచీన తెలుగు సాహిత్యాన్నో ప్రధాన విషయంగా తీసుకునేవాళ్లతో చాలా కళాశాలల్లో రెండు బెంచీలు నిండడం కష్టం. ఇన్ని లక్షల మంది చదివిన భాష మూడు నెలల వేసవి సెలవుల్లో ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు, అసలు వచ్చి ఉంటే కదా. ఇంటర్‌లో సంస్కృతం తీసుకునేది మార్కుల కోసమని తల్లిదండ్రులకు తెలుసు, లెక్చరర్లకు తెలుసు, బోర్డుకూ తెలుసు. దేవనాగరి లిపి కుదురుగా రాయడం రాకుండానే నూటికి తొంభై అయిదు తెచ్చుకోవచ్చు. శ్లోకం బట్టీ, సారాంశం బట్టీ, శబ్దాలు నాలుగు బట్టీ. సంస్కృతానికి జరిగిన మేలుగా దీన్ని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో గత ముప్పయ్యేళ్లలో సంస్కృతానికి మన దగ్గర ఇంతకు మించిన నష్టం జరగలేదు. ఆ భాష చదివితే ఏమవుతుందో రుచి చూడకుండానే పిల్లవాడు 'సంస్కృతమా, అయిపోయిందిగా' అనుకుని వెళ్లిపోతున్నాడు. తెలుగుకూ దెబ్బే. మార్కులు రావని వదిలేసేది తెలుగునే.

ఈ నేపథ్యంలో ప్రాచ్య కళాశాలల గురించి మాట్లాడుకోవాలి. ఓరియంటల్ కాలేజీ అని జనం పిలిచే ఈ చిన్న సంస్థలకు పెద్ద చరిత్రే ఉంది. విజయనగరంలో మహారాజా సంస్కృత కళాశాల 1860లో మొదలైంది. గోదావరి ఒడ్డున కొవ్వూరులో ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం, బందరు దగ్గర చిట్టిగూడూరులో నారసింహ సంస్కృత కళాశాల, వరంగల్లులో విశ్వేశ్వర సంస్కృతాంధ్ర కళాశాల, హైదరాబాద్ సీతారాంబాగ్‌లో సంస్కృత కళాశాల, తిరుపతిలో దేవస్థానం వారి ప్రాచ్య కళాశాల ఆ కోవలోవి. జమీందారు ఇచ్చిన భూమి మీదో, గుడి ఆదాయం మీదో, ఊళ్లోవాళ్లు పుట్లకొద్దీ కొలిచిన ధాన్యం మీదో ఇలాంటివి నడిచాయి. వందల మంది ఉన్న కళాశాలలు కావివి. పదిమంది గురువులు, ఒక వసతి గృహం, మధ్యాహ్నం భోజనం, ఒక గ్రంథాలయం. కోస్తాలో భాషాప్రవీణ, విద్యాప్రవీణ, ఉభయ భాషా ప్రవీణ, మద్రాసు విశ్వవిద్యాలయం కింద విద్వాన్, శిరోమణి, తెలంగాణలో డి.ఓ.ఎల్., బి.ఓ.ఎల్. అనేవి ఆనాటి పట్టాలు. హైదరాబాద్‌లో 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు నిజాం రాజ్యంలో ఈ చదువును ఊరూరికీ పరీక్షల రూపంలో చేర్చింది. ఇప్పుడు ఇవన్నీ చాలావరకు బి.ఏ. (లాంగ్వేజెస్) అనే పేరు కిందికి వచ్చాయి.

ఉభయ భాషా ప్రవీణను ప్రైవేటుగా కట్టి రాసే వీలుండేది. ఆ వీలు మామూలు విషయం కాదు. దళిత కవి గుర్రం జాషువా జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘదూతం, రఘువంశం చదువుకుని, 1938లో ఆ పట్టా తీసుకున్నారు. తరతరాలుగా కొందరికి మూసేసిన తలుపు ఒక విశ్వవిద్యాలయ పరీక్ష హాలు రూపంలో కొంచెం తెరుచుకుంది. దీని గురించి మళ్లీ మాట్లాడాలి.

ముందు తరగతి గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. బయట దీని మీద వాదించేవాళ్లలో ఎక్కువమందికి ఆ గది తెలియదు.

రఘువంశం రెండో సర్గ తీసుకోండి. దిలీపుడు సంతానం కోసం వసిష్ఠుడి ఆవు నందినిని కాస్తూ అడవిలో తిరుగుతున్నాడు. ఆవు ఆగితే ఆగుతాడు, నడిస్తే నడుస్తాడు, అది కూర్చుంటే కూర్చుంటాడు, అది నీళ్లు తాగేటప్పుడే తనకూ దాహం. ఇదంతా ఒక్క శ్లోకం. రాజు చేసే పనీ ఆవు చేసే పనీ పక్కపక్కనే జతలు జతలుగా కూర్చి ఉంటాయి. కొత్త విద్యార్థికి ఏది ఎవరిదో అంతుపట్టదు. గురువుగారు అర్థం చెప్పరు. 'క్రియ ఎక్కడుందో పట్టుకో' అంటారు. వెతగ్గా వెతగ్గా చిట్టచివర 'అన్వగచ్ఛత్' దొరుకుతుంది, వెంట వెళ్లాడు అని. ఎవరు వెళ్లారు? 'భూపతిః'. ఎవరి వెంట? 'తామ్'. ఇప్పుడు వెనక్కి వెళ్లు అంటారు. 'స్థితః' ప్రథమా విభక్తి, పుంలింగం, కాబట్టి నిలబడ్డది రాజు. 'స్థితామ్' ద్వితీయ, స్త్రీలింగం, కాబట్టి నిలబడ్డది ఆవు. అలా ఒక్కొక్క పదాన్ని దాని యజమానికి అప్పగించుకుంటూ పోతే, అరగంటకు శ్లోకం మొత్తం విచ్చుకుంటుంది. అప్పుడు చూస్తే విద్యార్థికి ఇంకోటి కనిపిస్తుంది: పదాలు కూడా రాజూ ఆవూ నడిచినట్టే ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. కాళిదాసు వెంట వెళ్లాడని చెప్పి ఊరుకోలేదు, వాక్యంలోనే ఆ నడక పెట్టాడు. గైడులో తాత్పర్యం చదివినవాడికి ఇది ఎన్నటికీ తెలియదు.

దీని తర్వాత కింద మల్లినాథుడి వ్యాఖ్య చదువుతారు. మల్లినాథ సూరి మనవాడు. కోలాచలం వారి ఊరు ఇవాళ్టి మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకుని మరీ రాసిన వ్యాఖ్యాత ఆయన. దేశమంతా కాళిదాసును ఆయన కళ్లతోనే చదువుతుంది. ఆయన కొడుకు కుమారస్వామి వ్యాఖ్య రాసిన ప్రతాపరుద్రీయం కాకతీయుల ఓరుగల్లులో పుట్టిన అలంకార గ్రంథం. రసగంగాధరం రాసిన జగన్నాథ పండితరాయలది కోనసీమ ముంగండ. మన కళాశాలల్లో పాఠ్యగ్రంథాలుగా ఉన్నవాటిలో ఇన్ని మన గడ్డ మీద పుట్టినవని చదివే పిల్లలకు కూడా చాలాసార్లు ఎవరూ చెప్పరు.

తెలుగు వైపు నన్నయ, తిక్కన, పోతన, మనుచరిత్ర, వసుచరిత్ర, అప్పకవీయం, చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం. బాలవ్యాకరణం పేరులోనే బాల ఉంది గానీ, ఒక్కో సూత్రం కింద దాక్కున్న తగాదాలు తెలియాలంటే దువ్వూరి వెంకటరమణశాస్త్రి గారి 'రమణీయం' దగ్గర పెట్టుకోవాల్సిందే. సూత్రంలో ఒక మాట ఎందుకు ఉంది, అది తీసేస్తే ఏం చెడుతుంది అని ప్రశ్నించే పద్ధతి అక్కడ అలవాటవుతుంది. ఒక నియమాన్ని దాని ఉదాహరణలతోనూ దానికి లొంగని ప్రత్యుదాహరణలతోనూ పరీక్షించడం పద్దెనిమిదేళ్ల వయసులో నేర్పే చదువులు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? న్యాయశాస్త్రం చదివేవాళ్లకీ ప్రోగ్రాములు రాసేవాళ్లకీ ఈ అలవాటు ఎంత పనికొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. అయితే, పనికొస్తుంది కాబట్టి చదవండి అని నేను అనను. తిక్కనను తిక్కన కోసమే చదవాలి.

ఇక లోపాలు. ఇవి చిన్నవి కావు, బయటివాళ్లు కల్పించినవీ కావు.

మొదటిది ప్రాకృతం. శాకుంతలం పాఠ్యంగా ఉంటుంది. నాటకంలో శకుంతల, అనసూయ, ప్రియంవద మాట్లాడేది ప్రాకృతం. తరగతిలో ఆ ప్రాకృతాన్ని దాటేసి, కింద ఇచ్చిన సంస్కృత ఛాయ చదువుతారు. అంటే శకుంతల నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటీ చదవకుండా శాకుంతలం పూర్తి చేసి పట్టా తీసుకుంటాం. అమరావతి శాసనాల భాష ప్రాకృతం, హాలుడి గాథాసప్తశతి ప్రాకృతం, అందులో తెలుగు మాటలు వెతికి మురిసిపోయేది మనమే. 2024 అక్టోబరులో కేంద్రం ప్రాకృతానికి, పాళీకి కూడా ప్రాచీన భాష హోదా ఇచ్చింది. మన ప్రాచ్య కళాశాలల్లో ప్రాకృతాన్ని ఒక భాషగా కూర్చోబెట్టి నేర్పే చోటు కోసం మాత్రం దీపం పట్టుకుని వెతకాలి.

రెండోది వచనం. కందం చెప్పగలిగిన విద్యార్థి, తాను చదివిన కావ్యం మీద నేటి తెలుగులో రెండు పేజీలు తేటగా రాయలేకపోవడం చాలాచోట్ల ఉన్నదే. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడిన కాలంలో పండితులు ఎక్కువగా గ్రాంథికం వైపు నిలబడ్డారు, ఆ ఛాయ ఇంకా పోలేదు. చిన్నయసూరితో వ్యాకరణం ఆగిపోయినట్టు చదువుతారు. సూత్రాలతో పదునెక్కిన బుర్రకు భద్రిరాజు కృష్ణమూర్తి గారి భాషాశాస్త్రం అందిస్తే ఎంత దూరం పోతుందో ఊహించండి. అందించం. క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనం పేరు పరీక్షలో రాస్తారు, దాని అచ్చు నకలు చేతికిస్తే అక్షరం గుర్తుపట్టలేరు.

మూడోది పరీక్ష. ఇంటర్‌లో చూసిన జబ్బే ఇక్కడికీ పాకింది. ముందే తెలిసిన శ్లోకానికి ముందే రాసిపెట్టుకున్న ప్రతిపదార్థం అడిగితే, క్రియ పట్టుకోమనే గురువుగారి శ్రమకు విలువ లేదు. ఎన్నడూ చూడని పద్యం ఒకటి ఇచ్చి, నిఘంటువు చేతికిచ్చి, అన్వయం చేయమనాలి. ఆ ఒక్క ప్రశ్నతో పట్టాకు విలువ వస్తుంది. ఈ మార్పుకు బడ్జెట్ అక్కర్లేదు, పాఠ్యప్రణాళికా సంఘం ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు.

ఉద్యోగాల సంగతి లేకుండా ఈ చర్చ పూర్తికాదు, తల్లిదండ్రుల మొదటి ప్రశ్న అదే. చాలాకాలం ఈ చదువుకు ఒకటే దారి: ప్రవీణ, ఆపైన పండిత శిక్షణ, ఆపైన హైస్కూల్లో తెలుగు పండిట్. ఆ పండిట్లకు మిగతా సబ్జెక్టుల వాళ్లతో సమానంగా స్కూల్ అసిస్టెంట్ హోదా కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. తోటి ఉపాధ్యాయుల్లోనే ఒక మెట్టు కింద నిలబెట్టిన చదువుకు ఊళ్లో గౌరవం ఎలా వస్తుంది? మన సినిమాలు తెలుగు మాస్టారిని నవ్వుల పాత్రగా మార్చి ఆ పని పూర్తిచేశాయి. డీఎస్సీ ఏళ్లకేళ్లు రాకపోతే చదివినవాడు కార్పొరేట్ జూనియర్ కళాశాలలో చేరి, మొదట చెప్పుకున్న ఆ తొంభై అయిదు మార్కుల సంస్కృతమే చెబుతాడు. దారి మళ్లీ అక్కడికే చేరుతుంది.

ఇంకో దారి లేదా అంటే ఉంది, కానీ సన్నది. పత్రికల్లోకి వచ్చినవాళ్లున్నారు. తిరుమల రామచంద్ర గారు తాళపత్ర ప్రతుల మధ్య పనిచేసి పత్రికారంగంలోకి వచ్చి, 'నుడి-నానుడి', 'మన లిపి పుట్టుపూర్వోత్తరాలు' లాంటివి రాశారు. సివిల్స్ మెయిన్స్‌లో తెలుగు సాహిత్యం, సంస్కృత సాహిత్యం ఐచ్ఛికాలుగా ఉన్నాయి. పురావస్తు శాఖకు శాసనాలు చదివేవాళ్లు కావాలి. 2025 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరుతో కోటికి పైగా రాతప్రతులను నమోదు చేసి భద్రపరుస్తామన్నారు. ఫొటో తీయడానికి మనుషులు దొరుకుతారు. తీసినదాన్ని చదివి ఇది ఫలానా గ్రంథం, ఇది ఇంతవరకూ అచ్చుకాలేదు అని చెప్పగలిగేవాళ్లు ఈ చిన్న కళాశాలల నుంచే రావాలి, ఇంకెక్కడా తయారుకారు. తంజావూరు సరస్వతీ మహల్‌లో, చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తకాలయంలో, కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తులో, తిరుపతిలో, హైదరాబాద్‌లో తెలుగు ప్రతులు కుప్పలుగా ఉన్నాయి.

కులం సంగతికి వస్తాను. ఈ చదువు మీద ఉన్న అత్యంత బలమైన అభ్యంతరం ఇదే. శతాబ్దాల తరబడి సంస్కృత విద్యను పుట్టుకతో ముడిపెట్టారు. ఆ అన్యాయాన్ని చిన్నది చేసి చూపే ఏ సమర్థనా నిలవదు. అయితే వేదపాఠశాల వేరు, ప్రాచ్య కళాశాల వేరు. మొదటిది స్వరంతో వేదం వల్లె వేయించే సంప్రదాయ శిక్షణ. రెండోది విశ్వవిద్యాలయ పట్టా ఇచ్చే సాహిత్య, వ్యాకరణ చదువు. ప్రభుత్వ సాయం తీసుకున్నాక అది అందరికీ తెరిచి ఉండాల్సిన సంస్థ. అప్పటి నల్గొండ జిల్లా వెల్వర్తిలో చేనేత కుటుంబంలో పుట్టిన రవ్వా శ్రీహరి గారు యాదగిరిగుట్ట, సీతారాంబాగ్ సంస్కృత విద్యాలయాల్లో చదివి, ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. సూర్యరాయాంధ్ర నిఘంటువులో దొరకని మాటలు ఏరి శ్రీహరి నిఘంటువు, అన్నమయ్య మాటలకు పదకోశం కూర్చారు. ఆ చదువు ఆయనకు దొరికిందంటే వసతి, భోజనం ఉన్న పాఠశాల ఒకటి అందుబాటులో ఉండబట్టే. రేపు ఈ కళాశాలలు ఒక్కొక్కటే మూతపడితే సంస్కృతం చచ్చిపోదు. మఠాల్లో, ఆశ్రమాల్లో, డబ్బున్నవాళ్ల ప్రైవేటు గురుకులాల్లో బతికే ఉంటుంది. అక్కడ ఎవరిని చేర్చుకోవాలో వాళ్లిష్టం. సామాజిక న్యాయం కోరేవాళ్లు ఈ కళాశాలల మూసివేతను ఎందుకు వ్యతిరేకించాలో నాకు ఇంతకంటే స్పష్టమైన కారణం కనిపించదు.

ఇది మన ఒక్కరి సమస్యే కాదు. అమెరికాలో గ్రీకు, లాటిన్ చెప్పే శాఖలు వరసగా కుంచించుకుపోతున్నాయి. నల్లజాతీయుల విద్యలో శిఖరం లాంటి హోవర్డ్ విశ్వవిద్యాలయం 2021లో తన క్లాసిక్స్ శాఖను ఎత్తేసింది. రచయిత్రి టోనీ మారిసన్ ఒకప్పుడు అక్కడే క్లాసిక్స్ మైనర్‌గా చదివారు. అదే ఏడాది ప్రిన్స్‌టన్ క్లాసిక్స్ మేజర్ విద్యార్థులకు గ్రీకు, లాటిన్ తప్పనిసరి అన్న నియమం తీసేసింది. భాష రాకుండా ఆ సాహిత్యంలో పట్టా ఇవ్వడం నాకు మింగుడుపడదు. వాళ్ల చిన్న కళాశాలల నుంచి మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అక్కడ జీవశాస్త్రం చదివే విద్యార్థి గ్రీకును రెండో మేజర్‌గా తీసుకోవచ్చు. స్కూల్లో ముక్క రాకపోయినా కళాశాలలో అక్షరాల నుంచి మొదలుపెట్టి మూడో ఏడుకల్లా హోమర్ చదవవచ్చు. అన్నాపొలిస్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరిన ప్రతి విద్యార్థీ, ఏం కాబోతున్నా సరే, గ్రీకు మొదలుపెట్టాల్సిందే. మన దగ్గర పదో తరగతి తర్వాత బైపీసీలో అడుగుపెట్టిన అమ్మాయికి కాళిదాసు తలుపు దాదాపు మూసుకుపోయినట్టే.

తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చింది. సంబరాలు జరిగాయి, మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి, మైసూరులో మొదలైన విశిష్ట అధ్యయన కేంద్రం నెల్లూరుకు వచ్చింది. హోదా వచ్చిన ఏడాదే సంస్కృత పండితుడు షెల్డన్ పొలాక్ పత్రికా వ్యాసంలో హెచ్చరించారు, హోదా కంటే ఆ పాత గ్రంథాలను చదవగలిగేవాళ్లు తరిగిపోవడం అసలు సంగతని. ఆ మాట మనం వినిపించుకోలేదు. హోదా మన డిగ్రీ తరగతి గదిలోకి రాలేదు. పెద్దన మనుచరిత్రను వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఇంగ్లీషు చేయగా 2015లో హార్వర్డ్ ప్రచురణగా, తెలుగు మూలం ఎదుటి పేజీలో పెట్టి వేశారు. అంత అందమైన, తప్పుల్లేని, అర్థవివరణతో కూడిన విద్యార్థి ప్రతి ఒకటి మన పిల్లల చేతికి మనమే ఇవ్వాల్సింది.

నిజానికి ఈ చదువుకు చిన్న కళాశాలే తగింది. ఒక శ్లోకానికి అరగంట పట్టే చదువు అరవై మంది ఉన్న గదిలో సాగదు. ఎనిమిది మందిలో ప్రతి ఒక్కరూ రోజూ అన్వయం చెప్పాల్సి వస్తుంది, తప్పించుకునే వీలుండదు. ఆ ఎనిమిది సంఖ్యే ఇప్పుడు ఈ కళాశాలలకు ఉరితాడు అవుతోంది. ఆన్‌లైన్ ప్రవేశాల్లో ఆప్షన్ పెట్టుకున్నవాళ్లు చాలకపోతే కోర్సు ఎగిరిపోతుంది. ఎయిడెడ్ కళాశాలల్లో పదవీ విరమణ చేసిన పండితుడి పోస్టు ఏళ్లుగా ఖాళీగానే ఉంటుంది. భౌతికశాస్త్రంలో ఒక లెక్చరర్ వెళ్తే ఇంకొకరు దొరుకుతారు. సంస్కృత వ్యాకరణ గ్రంథం సిద్ధాంత కౌముది మొత్తం చెప్పగల మనిషి వెళ్లిపోతే, ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు అప్పటికే తయారై ఉండాలి. అందుకే ఖాళీ అయ్యాక భర్తీ చేయడం ఇక్కడ సరిపోదు. విరమణకు రెండేళ్ల ముందే శిష్యుణ్ని నియమించి పక్కన కూర్చోబెట్టాలి. ఈ కోర్సులకు విద్యార్థుల సంఖ్య కొలమానం తీసేసి, మూడేళ్ల తర్వాత చూడని గ్రంథం చదవగలుగుతున్నారా అన్నది కొలమానం చేయాలి. చేరినవారికి నెలనెలా చేతికందే ఉపకార వేతనం ఉండాలి. పూర్వం జమీందారులు పెట్టిన భోజనం చేసిన పని అదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది, దాంతోపాటు వేరే విషయం మైనర్‌గా తీసుకునే వీలూ వచ్చింది. ప్రాచ్య కళాశాల తన ఊళ్లోని మామూలు డిగ్రీ కళాశాలతో ఒప్పందం చేసుకుని, కెమిస్ట్రీ, కామర్స్ మేజర్ పిల్లలకు సంస్కృతాన్నీ ప్రాచీన తెలుగునూ అక్షరాల నుంచి మైనర్‌గా చెప్పవచ్చు. యాభై మంది వచ్చి వారానికి నాలుగు గంటలు కూర్చుంటే, వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఎం.ఏ.కి ఇటే వస్తారు. మేజర్ తరగతిలోని ఎనిమిది మందినీ కాపాడేది ఈ యాభై మందే. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, రెండు కళాశాలల ప్రిన్సిపాళ్ల సంతకాలు, విశ్వవిద్యాలయం అనుమతి కావాలి. వచ్చే ప్రవేశాలకు ముందే మొదలుపెట్టవచ్చు.